కర్తృత్వం, ఋణం: అణుదాడి అనంతర కౌమారంపై ఒక నైతిక పరిశీలన

తెలుగులో ‘కర్త’ అనే మాట రెండు సందర్భాలలో రెండు రకాలుగా వినిపిస్తుంది. వ్యాకరణంలో క్రియను నిర్వహించేవాడు కర్త. అతనికి పాణిని చెప్పిన లక్షణం స్వాతంత్ర్యం. ఇంట్లో ఒకరు కాలం చేసినప్పుడు ‘కర్త ఎవరు?’ అని పురోహితుడు అడిగే ప్రశ్నలో కర్త అంటే చితికి నిప్పు పెట్టి, కర్మకాండ జరిపించవలసినవాడు. ఈ రెండవ అర్థంలో స్వాతంత్ర్యానికి చోటు లేదు. వరుసను బట్టి, ఆ సమయానికి మిగిలి ఉన్నవారిని బట్టి, పని ఒకరి మీద పడుతుంది. నీతిశాస్త్రం మొదటి కర్తను గురించి విస్తారంగా చర్చించింది. తాను కోరని స్థితిలో తప్పనిసరి పనిని నెత్తికెత్తుకొని, ఆ పని జ్ఞాపకంతోనే మిగిలిన జీవితం గడపవలసిన రెండవ కర్తను గురించిన చర్చ తక్కువ.

1945 ఆగస్టు 12న నాగసాకిలో పదమూడేళ్ల బాలుడొకడు ఈ రెండవ అర్థంలో కర్త అయ్యాడు. అతని పేరు తనాకా తెరుమి. బాంబు పడిన మూడవ రోజున, పేలుడు కేంద్రానికి సమీపంలో నివసించే దగ్గరి బంధువుల రెండు కుటుంబాలను వెదుకుతూ తల్లితో కలిసి బయలుదేరాడు. ఒక ఇంటి శిథిలాలలో వయసు మళ్లిన బంధువురాలి శరీరం, టోక్యో విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఆమె మనుమడి శరీరం బొగ్గయి కనిపించాయి. రెండవ ఇల్లు కట్టెల కుప్పగా మారింది. అక్కడ ఒళ్లంతా కాలిన తాత కొనఊపిరితో ముడుచుకొని ఉన్నాడు. ఆ ఇంటి ఇల్లాలు వీరు చేరడానికి కొద్దిముందే ప్రాణం విడిచింది. తల్లీ కొడుకులు ఆమెను ఒక పొలంలో తామే దహనం చేశారు. ఆ ఇంటివారిలో మరొకరు, పైకి పెద్ద గాయాలు లేనివారు, సాయం కోసం వెళ్లి, తీవ్రమైన జ్వరంతో వారం రోజులు బాధపడి మరణించారు. ఒకే బాంబు ఆ బాలుడి బంధువులలో ఐదుగురిని తీసుకుపోయింది.

డెబ్బై తొమ్మిదేళ్ల తరువాత, 2024 డిసెంబరు 10న, నిహోన్ హిదాంక్యో సంస్థకు వచ్చిన నోబెల్ శాంతి బహుమతిని పురస్కరించుకొని ఓస్లోలో చేసిన ప్రసంగంలో తనాకా ఈ సంగతులన్నీ చెప్పారు. అందులో నీతిశాస్త్ర దృష్టితో ఆగి చూడవలసిన వివరం మరొకటి ఉంది. కనుమ దాటి కిందికి దిగే దారి పొడవునా శవాలతో పాటు, తీవ్రంగా గాయపడి, కాలిపోయి, ఇంకా బతికి ఉన్నవారు పడి ఉన్నారు. వారికి సాయపడేవారు లేరు. ఆ బాలుడు ఆగలేదు. తనలోని మనిషితనాన్ని ఎక్కడో మూసివేసుకొని, ఏ భావమూ లేనివాడిలా, తాను చేరవలసిన చోటికే నడిచిపోయానని ఆయన చెప్పుకున్నారు. తన వారిని దహనం చేసిన కర్త, అంతకు ముందు దారిలో పరాయివారిని దాటిపోయినవాడు కూడా. ఆ దాటిపోవడాన్ని ఏమనాలి అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న.

ఇది పరిభాషకు సంబంధించిన ప్రశ్న కూడా. ఇటువంటి మహావిపత్తుల నుంచి బయటపడ్డవారిలో కనిపించే మనోవ్యథను తెలుగులో సాధారణంగా ‘అపరాధభావన’ అని అనువదిస్తున్నారు. అపరాధం అన్న మాటలోనే తీర్పు ఉంది. భావన అని చేర్చినంత మాత్రాన తీర్పు తొలగదు. చేయని నేరాన్ని చేసినట్లు భ్రమపడుతున్నాడన్న అర్థం మాత్రం అదనంగా చేరుతుంది. అంటే ఆ మనిషి దోషి అయినా కావాలి, భ్రాంతుడైనా కావాలి. ఈ రెండింటికీ చెందని మూడవ స్థితి ఒకటి ఉందనీ, దానికి తగిన మాట మన సంప్రదాయంలో ఇదివరకే ఉందనీ ఇక్కడ ప్రతిపాదన.

కౌమారం ఎందుకు?

ఈ ప్రశ్నను పెద్దల విషయంలోనూ వేయవచ్చు. కానీ కౌమారంలో దాని అంచు మరింత పదునుగా ఉంటుంది. ఆరేళ్ల పసివాడు దారిలో ఎవరినైనా దాటిపోతే ప్రశ్నే పుట్టదు. నలభై ఏళ్ల మనిషికి తన శక్తి ఎంతో, ఎవరిని ముందు చూడాలో అనుభవం నేర్పి ఉంటుంది. పన్నెండు, పదమూడేళ్ల వయసు ఈ రెండింటికీ నడిమిది. అడిగినవారికి సాయం చేయాలన్న సూత్రం తెలుసు. దానికి మినహాయింపులు ఉంటాయన్న సంగతి ఇంకా ఒంటబట్టలేదు. ఆనాటి జపాను పాఠశాలల్లో ‘షూషిన్’ పేరుతో నీతి పాఠం ఒక ప్రత్యేక విషయంగా ఉండేది. 1890 నాటి చక్రవర్తి విద్యాశాసనం దానికి ఆధారం. తల్లిదండ్రుల పట్ల భక్తి, చక్రవర్తి పట్ల విధేయత, ఆపదలో ధైర్యం అందులో బోధించేవారు. ఆ పాఠాలు విన్న పిల్లలే ఆ రోజు వీధుల్లో ఉన్నారు.

వారు వీధుల్లో ఉండటం కూడా యాదృచ్ఛికం కాదు. 1944 నాటికి యుద్ధ ప్రభుత్వం విద్యార్థులను చదువు మాన్పించి శ్రమకు తరలించడం ముమ్మరం చేసింది. వైమానిక దాడుల్లో మంటలు వ్యాపించకుండా హిరోషిమాలో ఇళ్లు కూల్చి ఖాళీ పట్టీలు ఏర్పరుస్తున్నారు. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలకు ఆ పనిలో వేలాదిగా ఆరుబయట నిలబడి ఉన్నవారు ఎక్కువగా పన్నెండు, పదమూడేళ్ల విద్యార్థులు. వారిలో ఆరు వేలకు పైగా మరణించారు. నగర ట్రాము సంస్థ 1943లో నెలకొల్పిన బాలికల పాఠశాలలోని విద్యార్థినులు, పురుషులు సైన్యానికి పోగా మిగిలిన ఖాళీల్లో, ట్రాములు నడుపుతూ ఉన్నారు. బాంబు పడిన మూడు రోజులకే ఒక మార్గంలో కొంత దూరం ట్రాము మళ్లీ కదిలింది.

దీనిని బట్టి ఒక వైరుధ్యం బయటపడుతుంది. శ్రమ అవసరమైనప్పుడు రాజ్యం ఈ పిల్లలను కర్తలుగా లెక్కించింది. అంతా కూలిపోయాక ఇళ్లలో బతికున్నవారిని వెదికింది, మోసింది, దహనం చేసింది కూడా చాలాచోట్ల వారే. ఆ తరువాత వారు తమ లోపలి బరువును చెప్పుకోబోయినప్పుడు మాత్రం సమాజం వారిని మళ్లీ పసివారిని చేసింది: ‘చిన్నపిల్లవాడివి, నీ తప్పేముంది?’ ఈ మాటలో దయ ఉంది. అయితే ఇది చేసిన పని నుంచి చేసిన మనిషిని విడదీస్తుంది. పొలంలో కట్టెలు పేర్చి నిప్పు పెట్టినవాణ్ణి నీవు కర్తవే కాదని చెప్పడం ఓదార్పు అవుతుందా అన్నది సందేహమే.

నీళ్లు

హిరోషిమా, నాగసాకి వాఙ్మూలాలలో నీళ్ల కోసం వేడుకోలు వినిపించని కథనం అరుదు. కాలిన శరీరం నుంచి ద్రవం విపరీతంగా పోవడం వల్ల దాహం భరించరానిదవుతుంది. అయితే కాలిన గాయాలున్నవారికి నీళ్లిస్తే చనిపోతారన్న నమ్మకం అప్పుడు ప్రబలంగా ఉంది. ఇవ్వవద్దని హెచ్చరించినవారూ ఉన్నారు. దానితో ఒక విచిత్రమైన నైతిక స్థితి ఏర్పడింది. నీళ్లిచ్చినవారి చేతుల్లోనే కొందరు ప్రాణం విడిచారు. తామే చంపామని ఇచ్చినవారు కుమిలిపోయారు. ఇవ్వనివారు, ఎలాగూ మరణించబోయే మనిషికి చివరి గుక్క కూడా నిరాకరించామని అంతకంటే ఎక్కువ కాలం కుమిలిపోయారు. ఏది చేసినా మిగిలేది ఒకటే.

తెలుగు పాఠకునికి ఈ బాధ లోతు వేరే వివరణ లేకుండానే అందుతుంది. దిక్కులేని చావును చెప్పడానికి మనకున్న మాటే ‘గొంతులో గుక్కెడు నీళ్లు పోసేవారు లేరు’ అని. పోయే ప్రాణానికి తులసితీర్థం, పోయిన ప్రాణానికి తర్పణం, రెండూ నీళ్లే. (ఒక వస్తువును, ఆశను పూర్తిగా వదులుకోవడాన్ని ‘నీళ్లు వదులుకోవడం’ అనడం కూడా ఈ ఆచారపు నీడే.) నీళ్లు పోయడం ఇక్కడ వైద్యం కాదు. ఆ మనిషికి ఎవరో ఒకరు ఉన్నారని చెప్పడం.

సెత్సుకో థర్లో అనుభవాన్ని ఈ వెలుగులో చూడవచ్చు. హిరోషిమాలో పదమూడేళ్ల విద్యార్థినిగా ఆమె సైనిక కార్యాలయంలో సంకేత సందేశాల పనికి నియుక్తురాలైంది. పేలుడు కేంద్రానికి ఆ భవనం సుమారు 1.8 కిలోమీటర్ల దూరం. కూలిన భవనం కింద నుంచి ఎవరిదో గొంతు దారి చూపగా పాకుతూ బయటపడింది. అదే గదిలోని సహాధ్యాయినులలో అధికభాగం సజీవంగా కాలిపోయారు. ఆనాటి సాయంకాలం కొండపాదంలోని ఒక సైనిక మైదానంలో కాలిన మనుషులు కిక్కిరిసి పడి నీళ్లు అడుగుతున్నారు. బకెట్టు లేదు, గిన్నె లేదు. ఆమె, మరో ఇద్దరు బాలికలు వాగుకు వెళ్లి, తమ రవికలను చించి తడిపి తెచ్చి, ఆ గుడ్డలను వారి నోళ్లకు అందించారు. వారు ఆ తడిని పీల్చుకున్నారు. చేయగలిగింది అంతే. ఆమె అక్క, అక్క కొడుకైన నాలుగేళ్ల ఐజీ కూడా గుర్తుపట్టలేనంతగా కాలిపోయి, చివరివరకు నీళ్లు అడుగుతూనే మరణించారు. సైనికులు ఆ శరీరాలను ఒక గోతిలో వేసి, పెట్రోలు పోసి కాల్చారు, వెదురు కర్రలతో తిప్పారు. ఆ బాలిక తల్లిదండ్రుల పక్కన నిలబడి చూసింది, కన్నీరు రాలేదు. ఆ రాని కన్నీటిని గురించే ఆమె తరువాత ఎన్నో ఏళ్లు తానెటువంటి మనిషినని తనను తాను ప్రశ్నించుకుంది.

చేసిన పనికి సంబంధించిన పశ్చాత్తాపంగా దీనిని చెప్పలేం. ఆమె నీళ్లిచ్చింది, తనవారికి చేయగలిగినంత సేవా జరిగింది. ఆమెను బాధించింది తన లోపలి స్థితి. తనాకా చెప్పిన మూసుకుపోయిన మనిషితనమూ ఇదే. ఇద్దరిలో ఒకరు పరాయివారి కోసం ఆగారు, ఒకరు ఆగలేదు. ఇద్దరికీ మిగిలిన ప్రశ్న మాత్రం ఒకే జాతిది. ఆగడం, ఆగకపోవడం అన్న తేడాను బట్టి దోషాన్ని నిర్ణయించే పద్ధతి ఇక్కడ పనిచేయదని దీన్నిబట్టే స్పష్టం.

అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్ 1962లో హిరోషిమా బాధితులతో మాట్లాడి, ఈ స్థితిని మనసు తనను తాను మూసుకోవడంగా వివరించాడు. భరించగల పరిమితిని దాటిన దృశ్యం ముందు మనసు తలుపు వేసుకోకపోతే మనిషి నడవలేడు, వెదకలేడు, మోయలేడు. వివరణగా ఇది విలువైనది. అయితే కారణం తెలిసినంత మాత్రాన ప్రశ్న తీరదు. తలుపు ఎందుకు మూసుకుందో లిఫ్టన్ చెప్పగలడు; మూసిన తలుపు అవతల పడి ఉన్నవారికి, లోపల ఉన్నవారికి మధ్య ఏ సంబంధం మిగిలిందో చెప్పడం మనోవైద్యం పని కాదు.

ఆపద్ధర్మం పరిమితి

భారతీయ చింతన ఇటువంటి స్థితులకు ఆపద్ధర్మం అన్న ప్రకరణాన్నే కేటాయించింది. శాంతిపర్వంలోని ఆపద్ధర్మ భాగాన్ని తిక్కన ఆంధ్రీకరించడం వల్ల ఈ చర్చ తెలుగు సాహిత్యంలోనూ భాగమైంది. అందులోని విశ్వామిత్రుని కథ సుప్రసిద్ధం. పన్నెండేళ్ల క్షామంలో ఆకలితో అలమటించిన మహర్షి చండాలుని ఇంట కుక్క మాంసం దొంగిలించబోతాడు. పట్టుకున్న చండాలుడే ఆయనకు ధర్మం గుర్తుచేస్తాడు. బతికి ఉంటే కదా ధర్మం ఆచరించేది అని విశ్వామిత్రుడు వాదిస్తాడు. చివరికి మాంసం తీసుకువెళ్లి వండి, దేవతలకు, పితరులకు భాగాలు సమర్పించబోతుండగా ఇంద్రుడు వర్షం కురిపిస్తాడు. ఆ తరువాత తపస్సుతో ఆయన తన దోషాన్ని దహించుకున్నాడని కథ.

ఈ కథను పైపైన అన్వయిస్తే నాగసాకి బాలుని దాటిపోవడం ఆపద్ధర్మమే. తన వారిని ముందు వెదకడం ధర్మం. అందరినీ కాపాడటం అతని శక్తికి మించింది. కనుక దోషం లేదు. తార్కికంగా ఇది సరైనదే. కానీ కథలో రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఆపదకు ముగింపు ఉంది: వాన. దోషానికి శుద్ధి ఉంది: తపస్సు. ఆపద్ధర్మం ఈ రెండు గోడల మధ్యే నిలబడుతుంది. మామూలు ధర్మాన్ని కొంతకాలం పక్కన పెట్టవచ్చుననడంలో, ఆ కాలం గడుస్తుందన్న పూచీ ఉంది.

అణుదాడి ఈ పూచీనే తీసివేసింది. హిరోషిమాలోనూ వాన కురిసింది. పేలుడు తరువాత కొద్దిసేపటికే పడిన ఆ వాన నల్లగా, జిగటగా ఉంది. మసితో పాటు రేడియోధార్మిక ధూళిని మోసుకువచ్చింది. దాహంతో ఉన్నవారు నోళ్లు తెరిచి ఆ చినుకులను తాగారు. విశ్వామిత్రుని క్షామాన్ని ముగించిన వాన ఇక్కడ ఆపదకు కొనసాగింపయింది. గాయాలు లేనివారు వారం తిరగకుండా జ్వరంతో పోవడం తనాకా కుటుంబంలోనే జరిగింది. రక్తకాన్సరు కేసులు కొన్నేళ్ల తరువాత పెరిగాయి. పెళ్లి సంబంధాలలో ‘హిబాకుషా’ అన్న మాట అడ్డుగోడయింది. ఇబుసే మసుజీ ‘నల్ల వాన’ నవలలో, మేనకోడలికి జబ్బు లేదని పెళ్లివారిని నమ్మించడానికి ఒక పెద్దమనిషి ఆనాటి దినచర్య పుస్తకాలను తిరగరాయడం కథకు ఆధారసూత్రం. ఆ రాత సాగుతుండగానే ఆమెకు జబ్బు బయటపడుతుంది. ఆపద గడిచిందని ఏ రోజున ప్రకటించాలో తెలియనప్పుడు ఆపద్ధర్మం ఎక్కడ ముగియాలి?

తిక్కన భారతంలోనే, స్వర్గారోహణ పర్వంలో, ఇంకొక దృశ్యం ఉంది. నరకమార్గంలో దుర్గంధం భరించలేక వెనుదిరగబోయిన ధర్మరాజును, నీవు ఉంటే మాకు కొంత ఊరటగా ఉంది, ఆగుమని కొన్ని గొంతులు వేడుకుంటాయి. అవి ఎవరివో అతనికి తెలియదు. జాలితో ఆగిన తరువాతనే మీరెవరని అడుగుతాడు. అప్పుడు తెలుస్తుంది, వారు తన సోదరులే, తనవారే అని. అడగడానికి ముందే ఆగడంలో ధర్మరాజు ఔన్నత్యం ఉంది. అయితే అతను ఆగగలిగాడు. అతని కోసం వేరొకచోట ఎవరూ కట్టెల కింద ఎదురుచూడటం లేదు, చెయ్యి పట్టుకుని నడుస్తున్న తల్లి లేదు. పైగా ఆ నరకం ఇంద్రుడు కల్పించిన పరీక్ష, ముహూర్తకాలంలో తొలగిపోయింది. ఆగినవాడు గొప్పవాడని చెప్పే కథ ఆగలేనివాడికి ఏమీ చెప్పదు.

దోషం కాని బరువు

పాశ్చాత్య చింతనలో ఇద్దరు ఈ చోటికి దగ్గరగా వచ్చారు. బెర్నార్డ్ విలియమ్స్ 1976లో ఒక లారీ డ్రైవరును ఉదాహరణగా తీసుకున్నాడు. అతని తప్పేమీ లేకుండానే ఒక పిల్లవాడు లారీ కిందపడి మరణిస్తాడు. నీ తప్పు లేదని అందరూ ఓదారుస్తారు, ఓదార్చాలి కూడా. కానీ ఆ డ్రైవరు వెంటనే తేరుకుని, నిజమే, నా తప్పు లేదుగదా అని ఊరుకుంటే అతని గురించి ఏదో సందేహం కలుగుతుంది. దోషం లేకపోయినా, ఆ సంఘటనకు చూపరికంటే దగ్గరగా నిలబడవలసినవాడు అతను. విలియమ్స్ చెప్పిన ఈ విచారం మన ప్రశ్నకు చాలావరకు సరిపోతుంది. తేడా ఒకటుంది. డ్రైవరు చేతుల మీదుగా మరణం జరిగింది. నాగసాకి బాలుని చేతుల మీదుగా జరిగింది దహనమే. మరణం పైనుంచి పడింది.

కార్ల్ యాస్పర్స్ 1946లో జర్మనుల దోషాన్ని నాలుగు విధాలుగా విభజిస్తూ, చివరిదాన్ని అధిభౌతిక దోషం అన్నాడు. మనిషికి మనిషితో మనిషిగా ఉన్న సంఘీభావం ఒకటి ఉంది. ఇతరులు చంపబడిన చోట తాను బతికి ఉండటమే ఆ సంఘీభావానికి లోటు. దీనికి న్యాయస్థానం దేవుడొక్కడే. ఈ విభజన గంభీరమైనది. అయినా దీన్ని పదమూడేళ్ల పిల్లలకు వర్తింపజేయడం క్రూరంగా తోస్తుంది. సంఘీభావం అన్న మూలభావన సరైనదే. దాని లోటును దోషమని పిలవడంలోనే ఇబ్బంది. దోషం అన్నాక క్షమాపణ కావాలి, క్షమించే అధికారి కావాలి. జపాను బాలునికి యాస్పర్స్ దేవుడు లేడు.

ఇక్కడ వైదిక వాఙ్మయంలోని ‘ఋణం’ అన్న భావన ఉపకరిస్తుంది. తైత్తిరీయ సంహిత పుట్టుకతోనే మూడు ఋణాలు ఉంటాయని చెబుతుంది: ఋషులకు, దేవతలకు, పితరులకు. శతపథ బ్రాహ్మణం నాలుగవదాన్ని చేర్చింది: మనుష్యులకు. అన్నం పెట్టడం, ఆశ్రయమివ్వడం వల్ల ఆ నాలుగవ ఋణం తీరుతుందని చెప్పింది. ఇందులో గమనార్హమైన అంశం, ఋణం తప్పు నుంచి పుట్టలేదన్నది. ఏ పాపం చేసినందుకో మనిషి ఋణగ్రస్తుడు కాలేదు. ఉన్నాడు కనుక ఋణగ్రస్తుడు. ఆదిపాపం వంటి కథ ఏదీ దీని వెనుక లేదు. తెలుగు వాడుకలోని ‘ఋణానుబంధం’ అన్న మాటలోనూ నిందాస్పర్శ లేదు. అడగకుండా ఏర్పడిన ముడి అన్న అర్థమే ఉంది.

దారిలో పడి ఉన్నవారికి, వారిని దాటిపోయిన బాలునికి మధ్య మిగిలింది ఈ నాలుగవ ఋణం. వారికి ఇవ్వవలసిన నీళ్లు, ఆశ్రయం అతను ఇవ్వలేదు. ఇవ్వగల స్థితిలో లేడు. ఇవ్వకపోవడం తప్పు కాదు. అయినా ఇవ్వవలసింది ఇవ్వబడలేదన్నది వాస్తవం. అప్పు తీర్చలేనివాడు దొంగ కాడు. అంతమాత్రాన అప్పు లేదనీ చెప్పలేం. లోకవ్యవహారంలో అందరికీ తెలిసిన ఈ తేడాను ‘అపరాధభావన’ అన్న అనువాదం చెరిపివేస్తుంది. ‘ఋణభావన’ అంటే నిలుపుతుంది. నీ తప్పేమీ లేదన్న ఓదార్పు అప్పుడు అబద్ధం కాదు, ఆ బరువు భ్రమా కాదు. థర్లోను బాధించిన రాని కన్నీరు సైతం అటువంటిదే: చనిపోయినవారికి చెల్లవలసిన శోకం ఆ క్షణాన చెల్లలేదు, వాయిదా పడింది.

ఎవరికి ఋణం?

ఈ ప్రతిపాదనపై ఒక గట్టి ఆక్షేపణ రాగలదు. ఋణం అన్న మాటకు మన సమాజంలో చీకటి చరిత్ర ఉంది. తాతల నాటి అప్పు పేరిట మనవలు వెట్టిచాకిరీ చేసిన నేల ఇది. బతికి బయటపడ్డ పిల్లల మీద ఋణమన్న మాటను మోపితే, ఆ ఋణాన్ని వసూలు చేయడానికి ఎవరో ఒకరు బయలుదేరరా? ఈ భయం నిరాధారం కాదు. పరిశోధన పేరిట హిబాకుషాలను పదేపదే పరీక్షలకు పిలిచిన అమెరికన్ సంస్థ వారికి చికిత్స అందించలేదు. శాంతికి ప్రతీకలుగా నిలబడమని, ఏటా అదే కథను చెప్పమని సమాజం వారిని కోరుతూ వచ్చింది. చెప్పనివారి మౌనం కొరతగా కనిపించే వాతావరణం ఏర్పడింది.

దీనికి సమాధానం ఋణభావనలోనే వెదకాలి. ఋణానికి ఋణదాత ఉంటాడు. ఇక్కడ ఋణదాతలు దారిలో పడి ఉన్నవారు, సహాధ్యాయినులు, ఐజీ. వారి తరఫున వసూలు చేసే అధికారం బతికున్నవారెవరికీ దత్తం కాలేదు. పితృఋణం విషయంలోనూ అంతే: కొడుకు తర్పణం వదలకపోతే ఊరు ఆక్షేపించవచ్చు గాని, ఆ నీళ్లను ఊరు పుచ్చుకోజాలదు. కనుక సాక్ష్యం చెప్పడం హిబాకుషాల విధి అని ఇతరులు అనడం చెల్లదు. చెప్పాలని వారిలో కొందరు ఎంచుకోవడం వేరు. హిరోషిమా స్మారక సభలో ప్రతి ఆగస్టు 6న నీళ్లు సమర్పిస్తారు. నాగసాకి శాంతి ఉద్యానంలో 1969లో నిర్మించిన జలధార, దాహంతో పోయినవారి కోసమే. ఇవ్వలేకపోయిన గుక్కను ఇన్నేళ్ల తరువాత ఇవ్వడం తర్పణం తెలిసిన సమాజానికి వింతగా తోచదు.

రెండవ ఆక్షేపణ మరింత ముఖ్యమైనది: బతికినవారి ఋణం గురించి ఇంతగా మాట్లాడితే, చంపినవారి దోషం మరుగున పడదా? ఋణాన్ని, దోషాన్ని కలిపివేసినప్పుడే ఆ ప్రమాదం. ‘అపరాధభావన’ అన్న మాటతో జరిగేది నిజానికి అదే; దోషం అన్న పదాన్ని బాధితుని దగ్గరే ఖర్చు చేసేస్తాం. ఋణం బాధితునిదని తేలిస్తే దోషం ఎవరిదన్న ప్రశ్న ఖాళీగా మిగిలి, సమాధానం అడుగుతుంది. 1945 చివరికి హిరోషిమాలో సుమారు 1,40,000 మంది, నాగసాకిలో 70,000 మందికి పైగా మరణించారని అంచనా. బాంబు వేసిన దేశం, యుద్ధాన్ని సాగదీసి పిల్లలను వీధుల్లో నిలబెట్టిన దేశం, రెండూ ఆ ప్రశ్న పరిధిలోకి వస్తాయి.

1956 ఆగస్టులో ఏర్పడిన నాటి నుంచి నిహోన్ హిదాంక్యో రెండు కోర్కెలను కలిపే వినిపిస్తూ వచ్చింది: అణ్వాయుధాల రద్దు, యుద్ధాన్ని ఆరంభించి నడిపిన రాజ్యం చేయవలసిన నష్టపరిహారం. 1957 నాటి వైద్యచట్టం, తదుపరి చట్టాలు బతికున్నవారి చికిత్సకు, భత్యాలకు పరిమితమయ్యాయి. ఓస్లో వేదిక మీద తొంభై రెండేళ్ల తనాకా, తన బంధువులను పొలంలో దహనం చేసిన సంగతి చెప్పిన తరువాత, మరణించినవారికి జపాను ప్రభుత్వం ఏ పరిహారమూ ఇవ్వలేదన్న విషయానికి వచ్చారు. ఆ వాక్యం చదివి, కాగితం మీద లేని మాటగా దాన్నే మరొకసారి చెప్పి, ఈ సంగతి అందరూ తెలుసుకోవాలని కోరి, మళ్లీ ప్రసంగపాఠంలోకి వెళ్లారు.